40 అడుగుల పెరట్లో 17 పండ్ల చెట్లు: ఇరుకైన తోటను దారికి తెచ్చుకోవడం ఎలా

మా పెరడు పొడవు 40 అడుగులు, వెడల్పు 30. రాజమండ్రిలో ఇల్లు పెట్టుకుని, కడియం నర్సరీల మీదుగా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి రావడం ఎవరి వల్లవుతుంది? ఇల్లు కట్టిన ఆరేళ్లలో మూడు మామిళ్లు, మూడు జామలు, రెండు ఉసిరి, రెండు దానిమ్మ, సపోటా, పనస, నేరేడు, బత్తాయి, నిమ్మ, సీతాఫలం, కొబ్బరి చేరాయి. మొత్తం 17. అరటి, బొప్పాయి ఈ లెక్కలో లేవు.

పాత పద్ధతిలో మామిడికి, మామిడికి మధ్య 10 మీటర్ల దూరం వదులుతారు. అంటే ఒక్కో చెట్టుకు దాదాపు 1,076 చదరపు అడుగులు. నా పెరడు మొత్తం 1,200. అంటే ఒక్క మామిడి హాయిగా బతకాల్సిన జాగాలో నేను 17 చెట్లను కుక్కాను. ఫలితం కూడా అలాగే వచ్చింది. మామిడి చిటారు కొమ్మన నాలుగు కాయలు కాసేది, అవీ కోతులకు. నిమ్మకు పూత లేదు. జామకాయ కోసి చూస్తే లోపల పురుగు. ఆకుల మీద మసి, చెట్ల కింద పట్టపగలే దోమలు.

మీ పెరడూ ఇలాగే ఉంటే, రెండేళ్ల ఓపికతో దాన్ని దారికి తెచ్చుకోవచ్చు. నేను చేసిన పనులు, చేసిన తప్పులు వరుసగా చెబుతాను.

ముందు ఒక పేచీ తేల్చుకుందాం

"అడవిలో ఎవరు కత్తిరిస్తున్నారండీ? ప్రకృతికి వదిలేస్తే అదే చూసుకుంటుంది" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మా అత్తగారు వాళ్లకు అధ్యక్షురాలు. "కాసే చెట్టును కొట్టేస్తావా? ఉసురు తగులుతుందే" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రకృతి చూసుకునే మాట నిజమే, కానీ అది చంపి చూసుకుంటుంది. కిక్కిరిసి మొలిచిన మొక్కలు ఒక్కొక్కటి పెద్దవవుతున్నకొద్దీ మిగిలేవాటి సంఖ్య ఒక లెక్క ప్రకారం తగ్గుతూ పోతుందని 1963లో జపాన్‌లో క్యోజీ యోడా బృందం చూపించింది. మామిడి పూతనే తీసుకోండి. గెలల నిండా పూసిన పూలలో నూటికి ఒకటి కూడా పండు దాకా నిలవదు. పిందెలు రాలిపోతుంటే మనకు బాధగా ఉంటుంది కానీ, చెట్టు తాను మోయగలిగినంతే ఉంచుకుంటోంది.

ఇంకోటి. తల్లి చెట్టు కింద పడ్డ విత్తనాల్లో బతికేవి తక్కువ. ఆ జాతినే అంటిపెట్టుకుని ఉండే పురుగులు, బూజులు అక్కడే కాచుకుని ఉంటాయి. దూరంగా పిట్ట మోసుకుపోయిన గింజకే అవకాశం ఎక్కువ. 1970, 71లలో డేనియల్ జాన్‌జెన్, జోసెఫ్ కానెల్ విడివిడిగా ప్రతిపాదించిన సంగతి ఇది. నా పెరట్లో మూడు జామలు పక్కపక్కనే ఉండేవి. పండు ఈగకు నేను పంక్తిభోజనం వడ్డించానన్నమాట.

పెరట్లో మనం ఏం చేస్తాం? నీళ్లు పోస్తాం, ఎరువు వేస్తాం, నీరసించిన మొక్కను కూడా బతికిస్తాం. ప్రకృతి చేతిలోని రంపాన్ని మనమే లాక్కున్నాం. అందుకే ఆ పని కూడా మనమే చేయాలి. కొద్ది జాగాలో దట్టమైన అడవిని పెంచే మియావాకి పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు పెడతారు కదా అంటారేమో. అక్కడ కావలసింది అడవి. మొక్కలు వెలుతురు కోసం పోటీపడి పైకి లేవాలన్నదే ఉద్దేశం. జామచెట్టు 25 అడుగులు లేస్తే మనకేం లాభం?

ఇదేమీ కొత్త తెలివి కూడా కాదు. చెట్టుకు, చెట్టుకు 20 మూరల ఎడం ఉత్తమం, 16 మధ్యమం, 12 అధమం అని ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు. దగ్గరగా పెరిగి, కొమ్మలు తగులుకుని, వేళ్లు కలిసిపోయిన చెట్లు సరిగా కాయవని ఆ వెంటనే కారణం కూడా చెప్పాడు. 20 మూరలంటే సుమారు 30 అడుగులు. ఇప్పటి 10 మీటర్లకు ఎంత దగ్గరో చూడండి. అత్తగారు మెత్తబడింది ఈ మాటకే. వరాహమిహిరుడు చెబితే వేరు, కోడలు చెబితే వేరు.

మొదటి అడుగు: ఒక ఆదివారం ఎండను లెక్కపెట్టండి

రంపం తీయకముందు కాగితం తీయండి. పెరటి పటం గీసి, ప్రతి మొక్క మొదలు ఎక్కడుందో చుక్క పెట్టండి. కొమ్మలు ఎంత దూరం పాకాయో చుట్టూ సున్నా చుట్టండి. సున్నాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటే మీ సమస్య ఉంది. నా కాగితం మీదైతే ఏ సున్నా ఎవరిదో నాకే తెలియలేదు.

తర్వాత ఉదయం 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు పెరట్లోకి వెళ్లి, ఏ మొక్క తలమీద నేరుగా ఎండ పడుతోందో టిక్కు పెట్టండి. పండ్ల మొక్కకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నా నిమ్మకు ఒక్క టిక్కు పడింది.

ఈ లెక్క డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి వేస్తే మంచిది. చలికాలం సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, నీడలు ఉత్తరానికి సాగుతాయి. గోదావరి జిల్లాల్లో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. అయితే మామిడి పూత, నిమ్మ పూత, దానిమ్మ కాయ అంతా చలికాలపు ఎండ మీదే ఎక్కువ ఆధారపడతాయి కాబట్టి పెద్ద చెట్లు ఉత్తరాన, పొట్టివి దక్షిణాన ఉండటం మేలు. నేను సరిగ్గా తిరగేసి నాటాను.

చెట్టు లోపల గుబురు ఎంతుందో తెలుసుకోవడానికి ఇంకో తేలిక పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నిలబడి నేలకేసి చూడండి. అక్కడక్కడా ఎండ రూపాయి బిళ్లల్లా పడుతుంటే ఫర్వాలేదు. నేలంతా ఒకే నీడగా ఉంటే లోపలి ఆకులు తిండి సంపాదించడం మానేసినట్టే.

రెండో అడుగు: ప్రతి మొక్క జాతకం రాయండి

వయసెంత, అంటు మొక్కా గింజ మొక్కా, గత రెండేళ్లలో ఎన్ని కాయలు కాసింది, ఏ తెగులు వచ్చింది, ఆ పండు ఇంట్లో ఎవరైనా తింటారా? చివరి ప్రశ్న చిన్నదేం కాదు. మా ఇంట్లో పనసపండు వాసన పిల్లలకు గిట్టదు. ఏటా కాయలన్నీ పంచిపెట్టడమే, ఆ చెట్టు మాత్రం పెరట్లో పావు వంతు ఆక్రమించింది.

అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు తప్పకుండా చూడండి. మా బత్తాయి కథ చెబుతాను. నాలుగో ఏట కాసింది, మహా సంతోషపడ్డాం. కాయలు పండాక చూస్తే నారింజ రంగులో చిన్నచిన్నవి, నోట్లో పెట్టుకుంటే కళ్లు మూతపడేంత పులుపు. నర్సరీ వాళ్లు మోసం చేశారని తిట్టుకున్నాను. మొదట్లో మట్టి తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. నేల నుంచి జానెడు ఎత్తులో అంటు కట్టిన చోట ఎండిపోయిన మోడు ఒకటి ఉంది. దాని కిందినుంచి వచ్చిన కొమ్మే మాను అయిపోయింది. బత్తాయిని సాధారణంగా రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద అంటు కడతారు. పై బత్తాయి ఎప్పుడో నీడకు చచ్చిపోయింది, కింది రంగపూర్ నిమ్మ బతికింది. నాలుగేళ్లు నేను దానికే నీళ్లు పోశాను. అంటు కింద వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లేయాలని అప్పుడు తెలిసింది. సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు కాబట్టి దానికీ ఇదే జాగ్రత్త అవసరం.

మూడో అడుగు: ఎవరు ఉండాలో తేల్చండి

తోటల్లో వదిలే దూరాలు ఇలా ఉంటాయి. మామిడి, పనస, నేరేడుకు 10 మీటర్లు. సపోటాకు 8 నుంచి 10. కొబ్బరికి 8. జామ, నిమ్మ, బత్తాయికి 6. సీతాఫలానికి 5. దానిమ్మకు 5 మీటర్ల వరుసల్లో మొక్కకు, మొక్కకు 3. అరటి, బొప్పాయికి ఆరడుగులు చాలు. ఏటా మానకుండా కత్తిరిస్తాననే నమ్మకం మీకుంటే మామిడిని 5 మీటర్లలో, జామను 3 మీటర్లలో కూడా పెంచవచ్చు. అధిక సాంద్రత తోటలు ఇలాగే నడుస్తున్నాయి. కత్తిరించడం కుదరకపోతే మాత్రం పాత దూరాలే గతి.

ముందు ఎవరిని తీసేయాలి? నా వరుస ఇది: అంటు పోయి వేరుమొక్క పెరిగినవి, గోడకు ఐదడుగుల లోపు ఉన్న మహావృక్షాలు, ఒకే జాతివి పక్కపక్కనే ఉంటే వాటిలో బలహీనమైనవి, ఎవరూ తినని పండ్లు. ఎన్ని కాయలు కాస్తుందన్నది ఆఖర్న చూడండి. నీడలో ఉన్న మొక్క కాయలేదంటే అది దాని తప్పు కాదు.

ఒక్క హెచ్చరిక. ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయదు, వేరే రకం దగ్గర్లో ఉండాలి. రెండున్నాయి కదా అని ఒకటి కొట్టేస్తే రెండోది గొడ్డుపోవచ్చు. నేను ఒకటి తీయగలిగానంటే గోడ అవతల పక్కింటివాళ్ల గింజ ఉసిరి ఉంది కాబట్టే. తేనెటీగలకు ప్రహరీగోడ అడ్డం కాదుగా.

చివరికి నా పెరట్లో మిగిలినవి తొమ్మిది: బంగినపల్లి మామిడి, సపోటా, రెండు జామలు, ఉసిరి, నిమ్మ, దానిమ్మ, సీతాఫలం, కొబ్బరి. నిజం చెప్పాలంటే ఇవి కూడా ఎక్కువే. మూడో జామను తీయడానికే నాకు ఏడుపొచ్చింది.

నాలుగో అడుగు: తీయడం, తరలించడం

అన్నీ ఒకేసారి తీయకండి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న మాను మీద ఒక్కసారిగా ఎండ పడితే బెరడు కాలి పగులుతుంది. సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు తీయండి. ఎండ కొత్తగా తగిలే మానులకు మూడడుగుల ఎత్తు వరకు సున్నం కొట్టండి.

పెద్ద చెట్టు నరకాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) సంగతి కూడా చూసుకోవాలి. ఏ చెట్టుకు అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో ముందే మునిసిపల్ ఆఫీసులో అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు. రంపం పెట్టే రోజు పొద్దున్నే గూళ్లు వెతకండి. మా నిమ్మ గుబురులో పిగిలిపిట్ట గూడు, అందులో మూడు గుడ్లు కనిపించాయి. ఆ ఒక్క మొక్కను నెల రోజులు ముట్టుకోలేదు. పిల్లలు ఎగిరిపోయాకే చేయి వేశాం.

రెండేళ్ల లోపు మొక్క అయితే తరలించవచ్చు. తొలకరికి నెల ముందు మొక్క చుట్టూ గుండ్రంగా కందకం తవ్వి, తగిలిన వేళ్లు కోసి, మళ్లీ మట్టి, పశువుల ఎరువు కలిపి నింపండి. లోపల కొత్త పీచువేళ్లు పుడతాయి. మట్టిగడ్డ వెడల్పు కాండం మందానికి పది, పన్నెండు రెట్లు ఉండాలి. వానలు పడ్డాక గడ్డ చెదరకుండా గోనెపట్టాతో చుట్టి లేపండి, ఆకులు సగం తీసేయండి. నా చిన్న మామిడి అలాగే మా వారి ఊరు చేరింది. దానిమ్మ ఒకటి 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోసిన సగంలోకి, డాబా మీదికి వెళ్లింది. డ్రమ్ము అడుగున కన్నాలు పెట్టడం మరవకండి.

పెద్ద జామను తరలించలేం కానీ, దాని రకాన్ని నిలుపుకోవచ్చు. వానాకాలంలో పెన్సిలంత కొమ్మకు అంగుళం వెడల్పున చుట్టూ బెరడు తీసి, తడి నాచు పెట్టి, పాలిథీన్ కాగితంతో గట్టిగా కట్టండి. రెండు నెలల్లో కాగితంలోంచి తెల్లని వేళ్లు కనిపిస్తాయి. వాటి కింద కోసి కుండీలో పెట్టుకుంటే అదే జామ, ఈసారి మీ అదుపులో పెరుగుతుంది.

ఐదో అడుగు: కత్తిరింపు

నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. చెట్లెక్కే మనిషి ఒకాయన మచ్చుకత్తితో వచ్చాడు. "మొద్దుగా కొట్టేద్దామండీ అమ్మగారూ, రెండేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. సరేనన్నాను. మామిడి తలంతా తీసేశాడు. ఆరు నెలల్లో మోడు చివర చీపురుకట్టలా నిటారు కొమ్మలు 30 దాకా లేచాయి. ముందున్న గుబురు కంటే ఘోరం. రెండేళ్లు పూతే లేదు. తల నరకడం వేరు, కొమ్మను దాని మొదట్లోంచి తీయడం వేరని అప్పుడు అర్థమైంది.

కావలసిన పనిముట్లు ఒక సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర), ఒక మడత రంపం, స్పిరిట్‌లో తడిపిన గుడ్డ. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు బ్లేడు తుడవండి. దానిమ్మ దగ్గరైతే ప్రతి కోతకూ తుడవండి, దాని బాక్టీరియా మచ్చ తెగులు కత్తెర మీదే ప్రయాణిస్తుంది.

ముందు ఎండినవి, తెగులు సోకినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీయండి. తర్వాత ఆగి, పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. చాలాసార్లు సగం పని అక్కడే అయిపోతుంది. ఆపైన నడిమధ్య నిటారుగా లేచిన ఒకటి రెండు కొమ్మలు తీస్తే చెట్టు లోపలికి వెలుతురు దిగుతుంది. ఒక ఏడాదిలో మొత్తం గుబురులో పావు వంతు మించి తీయకండి.

బొటనవేలి కన్నా లావు కొమ్మకు మూడు కోతలు పెట్టాలి. కొమ్మ మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు అవతల, అంటే కొమ్మ చివరి వైపు, పైనుంచి కోయండి. కొమ్మ బెరడు చీల్చకుండా పడిపోతుంది. మిగిలిన మొండిని మొదట్లో కోయాలి. అక్కడ కొమ్మ మానును కలిసేచోట ఉంగరంలా ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉంగరాన్ని చెట్టుకే వదిలి, దాని అంచున కోయండి. గాయం మానేది ఆ ఉంగరంలోంచే. గట్టిగా మానుకు ఆనించి కోసినా, జానెడు మొండి వదిలినా కుళ్లు పడుతుంది.

పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరు నీళ్లలో వేరువేరుగా కలిపి, రెంటినీ ఒకటి చేయాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, ఇనుప గిన్నె వద్దు. శుభ్రమైన ఇనుప చాకు అందులో ముంచి తీస్తే ఎర్రని పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలపండి. అదే రోజు వాడేయాలి. మామిడి కోసేటప్పుడు సొన కళ్లలో పడకుండా కళ్లజోడు పెట్టుకోండి.

ఏ చెట్టును ఎప్పుడు కోయాలన్నది అది ఏ కొమ్మ మీద కాస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మామిడి బాగా ముదిరిన కొమ్మల చివర పూస్తుంది. కాబట్టి కాయలు దిగీ దిగగానే, జూన్, జులైల్లో కత్తిరించాలి. కొత్త చిగురు ముదరడానికి చలికాలం దాకా టైం దొరుకుతుంది. దసరా దాటాక మామిడి మీద కత్తెర పెడితే ఆ ఏటి కాపు వదులుకున్నట్టే. 

జామ ఇందుకు తిరుగుడు. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఎంత కత్తిరిస్తే అంత కాపు. ఏప్రిల్ చివర, మే మొదట్లో ప్రతి కొమ్మను మూడో వంతు తగ్గించండి. జూన్, జులైల్లో పూసి, చలికాలంలో కాయలొస్తాయి. వానాకాలపు కాయ కన్నా ఇది రుచి ఎక్కువ, పురుగు తక్కువ. నిటారు కొమ్మలను తాడు కట్టి కిందికి వంచినా కణుపు కణుపుకూ చిగురు వేసి పూస్తుంది. చెట్టును మీ చేయెత్తు దాటనివ్వకండి.

సీతాఫలం ఆకు రాల్చాక, కొత్త చిగురుకు ముందు ఫిబ్రవరి, మార్చిలో తేలిగ్గా చాలు. దానిమ్మకు నేలనుంచి మూడు నాలుగు కాండాలు ఉంచి మిగతా పిలకలు తీసేయండి. అయితే పాత కొమ్మల మీది పొట్టి రెమ్మల చివర పూస్తుంది కాబట్టి కొసలన్నీ గొరగకండి. నిమ్మలో నిటారుగా, పెద్ద ముళ్లతో, వెడల్పాటి ఆకులతో రయ్యిన లేచేవి నీటికొమ్మలు. వాటిని కనిపించిన రోజే తీయండి. సపోటా నిదానపు చెట్టు. ఎండినవి, నేలకు ఆనేవి తప్ప దాని జోలికి వెళ్లకండి. పనస ఉంచుకున్నవాళ్లు మాను మీది పొట్టి మొటికల్లాంటి రెమ్మలను గీకేయొద్దు, కాయలు వచ్చేది అక్కడే. కొబ్బరికి ఎండిన మట్టలు తప్ప పచ్చివి కొట్టకూడదు.

అరటి పిలకల గుంపును కూడా మరవకండి. తల్లి చెట్టు ఒకటి, సన్నని కత్తుల్లాంటి ఆకులున్న పిలక ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. వెడల్పు ఆకుల పిలకలు చూడ్డానికి బాగుంటాయి, గెల మాత్రం సరిగా వేయవు.

ఆరో అడుగు: చీమల రోడ్లు మూయండి

కొమ్మలు తగులుకుని ఉన్న పెరట్లో చీమకు నేల దిగాల్సిన పనే లేదు. మామిడి మీంచి జామకు, జామ మీంచి సీతాఫలానికి హైవే ఉన్నట్టే. అవి పిండినల్లిని కాపలా కాస్తాయి, దాని తీపి రసం తాగుతాయి, దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కారిన రసం మీద మసి తెగులు పడుతుంది. మందు కొట్టినా మళ్లీ రావడానికి కారణం ఇదే. 

చెట్టుకు, చెట్టుకు కనీసం అడుగున్నర సందు పెట్టండి. గోడకు, బట్టలు ఆరేసే తీగకు తగిలే రెమ్మలు కూడా కోయండి. ఇక చీమకు మిగిలింది మాను ఒక్కటే. దాని చుట్టూ పాలిథీన్ పట్టీ కట్టి, పట్టీ మీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకండి. పది రోజులకు సీతాఫలం మీద పిండినల్లి పక్కన అక్షింతల పురుగు పిల్లలు కనిపించాయి. అవి కూడా తెల్లగా మైనం పూసుకుని పిండినల్లిలాగే ఉంటాయి, కాస్త పెద్దగా, చురుగ్గా కదులుతుంటాయి. నేను మొదట్లో వాటినే ఏరి చంపాను.

మా ప్రాంతం వాళ్లకు కొబ్బరి మీది సర్పిలాకార తెల్లదోమ బాధ తెలియనిది కాదు. మన దేశంలో 2016లో బయటపడింది. కొబ్బరి, అరటి, జామ ఒకదాని కింద ఒకటి ఉంటే దానికి మేడ మీద మేడ. దాన్ని ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి పురుగు అదుపు చేస్తుంది, ఆవగింజ కన్నా చిన్నది. తెల్లదోమ పిల్లలోనే గుడ్డు పెడుతుంది. మనం ఘాటు మందు కొడితే ముందు చచ్చేది ఇదే. నేను పంపు నీళ్లను ఆకు అడుగుకు జోరుగా కొట్టి ఊరుకుంటాను. 2008లో తమిళనాడులో బయటపడి బొప్పాయి తోటలను ఊడ్చేసిన పిండినల్లి కూడా 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన ఇలాంటి చిట్టి కందిరీగలతోనే అదుపులోకి వచ్చింది.

జామలో పండు ఈగకు మందు కన్నా శుభ్రత ముఖ్యం. పురుగు రాలిన కాయలోంచి మట్టిలోకి దిగి ఈగ అవుతుంది. రాలినవి రోజూ ఏరి, నల్ల పాలిథీన్ సంచిలో మూతికట్టి వారం ఎండలో పడేయండి, ఆ తర్వాతే కంపోస్టులోకి. మగ ఈగలను రప్పించి పట్టే మిథైల్ యూజినాల్ ఎర డబ్బా ఒకటి వేలాడదీయండి. కాయ నిమ్మకాయంత అయ్యాక కాగితం సంచి తొడగండి. ఒక రెమ్మకు రెండు మూడు పిందెలుంటే ఒకటే ఉంచండి, మిగిలినది రెండింటి బరువు తూగుతుంది.

ఏడో అడుగు: తీసిన చెట్టు జాగా ఏం చేయాలి

వెంటనే ఇంకో మొక్క పెట్టకండి. అదే అసలు పరీక్ష. కనీసం ఒక ఏడాది ఆ జాగాను ఖాళీగా చూడటం అలవాటు చేసుకోండి.

కోసిన కొమ్మల్లో తెగులు లేనివి ముక్కలు చేసి నేల మీదే నాలుగంగుళాల మందాన పరవండి, మాను మొదలుకు జానెడు దూరం వదలండి. మట్టిలోకి కలిపేయకండి, పచ్చి చెక్క కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. లావు దుంగలు నాలుగు ఒక మూలన పేర్చాను. ఇప్పుడు అందులో తొండల కాపురం. మిగిలిన నీడలో పసుపు, మామిడి అల్లం, చేమ బాగా వస్తాయి. పాదులు కూడా మార్చండి. నీళ్లు తాగే పీచువేళ్లు మాను మొదట్లో ఉండవు, కొమ్మల అంచు కింద ఉంటాయి. పాదు అక్కడ చేయండి.

రెండో ఏడు నిమ్మ పూసింది. మూడో ఏడు మామిడి కాపు చేతికందే ఎత్తులో దిగింది. లెక్క రాసుకోలేదు కానీ ఆవకాయకు బయట కాయ కొనలేదు, అది కూడా అత్తగారే గమనించి చెప్పారు. పైకొమ్మల కాయలు నేను కోయను, వాటికి రామచిలకలు ఉన్నాయి.

నేరేడు కొట్టిన చోట ఎండ పడ్డ నెలకే బొప్పాయి మొలకలు తొమ్మిది లేచాయి. ఏ పిట్ట వేసిందో, మేం పారేసిన గింజలో. ఆరు పీకేసి, మూడింటిని మూరెడు దూరంలో ఉంచాను. పూత వచ్చాక మగదేదో, ఆడదేదో తెలుస్తుంది, అప్పుడు ఒకటే మిగులుతుంది. "మూడూ ఉంచితే ఏమవుతుంది?" అని అత్తగారు నిన్న కూడా అడిగారు.